ఏటికి దక్షిణాన

కారు అద్దెకిచ్చిన కుర్రాడు బీమా గురించి రెండు నిమిషాలు, తలుపు గురించి అయిదు నిమిషాలు మాట్లాడాడు. గాలికి ఎదురుగా బండి ఆపితే తలుపు రెండు చేతులతో పట్టుకుని తియ్యాలట. లేకపోతే గాలి దాన్ని వెనక్కి విరిచేస్తుందట, దానికి బీమా వర్తించదట. ఆ పొద్దున రేక్యావిక్‌లో గాలి జాడే లేదు. మా అమ్మాయి నవ్వుతూ సంతకం పెట్టింది. సాయంత్రమయ్యేసరికి ఇద్దరం రెండు చేతులతోనే తలుపులు తీస్తున్నాం.

జూన్ నెల కావడంతో రాత్రంతా చీకటి పడలేదు. హోటల్ గది తెరల సందుల్లోంచి అర్ధరాత్రి కూడా వెలుతురు కారుతూనే ఉంది. నిద్ర చాలక, కళ్ళు మండుతూ, ఉత్తరంగా బయల్దేరాం. సముద్రం అడుగున తవ్విన సొరంగం దాటి, బోర్గార్నెస్‌లో కాఫీ తాగి, బివ్రోస్ట్ దాటాక పెద్ద రోడ్డు వదిలి ఎడమకి తిరిగాం. మా వెనకాల వచ్చిన టూరిస్టు బస్సులేవీ అటు తిరగలేదు.

మేం వెళ్తున్నది దాలిర్ అనే లోయల సీమకి. అక్కడ లాక్సార్‌దాలుర్ అనే లోయ ఉంది. లాక్స్ అంటే సాల్మన్ చేప, ఆ చేపలుండే ఏరు పారే లోయ అని అర్థం. వెయ్యేళ్ళ కిందట ఐర్లండ్ నుంచి ఎత్తుకొచ్చిన ఒక పిల్ల అక్కడ బానిసగా బతికిందని లాక్స్‌డైలా సాగా అనే పాత ఐస్‌లాండ్ కథాగ్రంథం చెబుతుంది. పేరు మెల్కోర్కా. ఎత్తుకెళ్ళేనాటికి పదిహేనేళ్ళు.

"పదిహేనంటే టెన్త్ క్లాస్, నాన్నా," అంది అమ్మాయి డ్రైవ్ చేస్తూ. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ ప్రయాణం తన ఆలోచనే. తను డబ్లిన్‌లో చదువుతోంది. కిందటేడు నేను వెళ్ళినప్పుడు లోకల్ రైల్లో హౌత్ అనే రేవుకి తీసుకెళ్ళింది. చేపల వేపుడు తిన్నాం, రేవులో సీల్ ఒకటి తల పైకెత్తి చూస్తే ఫొటో తీసుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు రైల్లో చెప్పింది: 821లో వైకింగులు ఈ హౌత్ మీద పడి పెద్ద సంఖ్యలో ఆడవాళ్ళని పట్టుకుపోయారని ఐర్లండ్ మఠాల్లో రాసిన వార్షిక వృత్తాంతాల్లో ఉందని. సంఖ్య లేదు, పేర్లు లేవు. ఇరవై ఏళ్ళ తర్వాత, 841లో, అదే తీరాన ఓడల స్థావరం వేశారు, అదే పెరిగి డబ్లిన్ నగరమైంది. అక్కణ్ణుంచి సముద్రం మీదుగా సాగిన వర్తకంలో మనుషులు పెద్ద సరుకు. పేరుతో సహా కథ మిగిలినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నేనడిగిన ప్రశ్నకి జవాబుగా తను ఈ సాగా పుస్తకం నా చేతిలో పెట్టింది.

బ్రాట్టాబ్రెక్కా కనుమ ఎక్కేసరికి మంచు పొగ కమ్ముకుంది. పేరుకి అర్థం నిటారు వాలు అట, రోడ్డు మాత్రం అంత నిటారుగా లేదు. కనుమ దిగుతుంటే ఊళ్ళ పేర్ల బోర్డులు మొదలయ్యాయి. ఊళ్ళంటే ఊళ్ళు కావు, ఒక్కో పొలానికి ఒక్కో పేరు. ఒక చోట హుందాదాలుర్, ఇంకొంచెం ముందుకి ఎర్ప్‌స్తాదిర్. అమ్మాయి బండి నెమ్మది చేసి, "చూడు, వీళ్ళంతా బానిసలు," అంది.

9వ శతాబ్దం చివర ఈ సీమంతా ఆక్రమించుకున్నది ఔద్ అనే ఒక విధవరాలు. కొడుకు స్కాట్లాండ్‌లో చనిపోతే, మనవల్ని, మనవరాళ్ళని, తనవాళ్ళని ఓడలో ఎక్కించుకుని ఐస్‌లాండ్ చేరింది. వచ్చాక తన బానిసలు కొందరికి స్వేచ్ఛ ఇచ్చి, తలా ఒక లోయ పంచింది. హుందికి హుందాదాలుర్, సొక్కోల్ఫ్‌కి సొక్కోల్ఫ్స్‌దాలుర్, వీఫిల్‌కి వీఫిల్స్‌దాలుర్, ఎర్ప్‌కి సౌదాఫెల్ కొండ కింది నేల. ఆ పేర్లే నేటికీ మ్యాపులో ఉన్నాయి. ఇన్ని దేశాలు తిరిగాను గానీ బానిసల పేర్లు ఇలా వరసగా బోర్డుల మీద కనిపించడం నాకదే మొదటిసారి.

బూదర్‌దాలుర్ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున మూడు వందల లోపు జనాభా ఉన్న ఊరు. ఒక పెట్రోలు బంకు, ఒక దుకాణం, పాల డెయిరీ. ఓడ మీంచి దిగినవాళ్ళు సరుకు దించి పాకలు వేసుకున్న చోటు కాబట్టి పాకల లోయ అనే పేరొచ్చిందని సాగా అంటుంది. ఆ ఓడ మెల్కోర్కాని కొన్న హోస్కుల్దుర్‌ది. అందులోంచే ఆ పిల్ల దిగింది. ఫ్యోర్డ్ నీళ్ళు సీసం రంగులో ఉన్నాయి. ఆర్కిటిక్ టర్న్ పిట్టలు మా నెత్తి మీద పొడవబోయాయి, గూళ్ళ దగ్గరికి వచ్చామని కాబోలు. పది నిమిషాల్లో మళ్ళీ కార్లో కూచున్నాం.

మా బస లోయలోకి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక రైతు ఇంట్లో. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. వచ్చిన పని ఏమిటని అడిగింది. చెప్పగానే మొహం వెలిగింది.

"మా రాకుమారి కోసం వచ్చారా! నేను ఆవిడ వంశమే," అంది. ముప్పై తరాల పైచిలుకు లెక్క ఉందట. ఈ దేశంలో వంశవృక్షాలు భద్రంగా రాసిపెట్టుకోవడం మామూలే. నేను సరిచూడలేదు, సరిచూసే దారీ నాకు లేదు. ఈ లోయలో ఇంకెవరు ఆవిడ వంశమని అడిగితే, కాసేపు ఆలోచించి, "అందరూ," అంది.

కాఫీ, ఎండు చేప, వెన్న పెట్టింది. అవి తింటూ కథని ఆవిడ చెప్పిన వరసలో విన్నాను. మధ్యమధ్య అమ్మాయి పుస్తకం తిప్పి చూస్తూ ఉంది.

హోస్కుల్దుర్‌కి ఇల్లు పెద్దది కట్టుకోవాలనిపించింది. ఐస్‌లాండ్‌లో దూలాలకి పనికొచ్చే చెట్లు లేవు. కలప కోసం నార్వే వెళ్ళాడు. ఆ పని మీద ఉండగా బ్రెన్నేయర్ దీవుల్లో సంత జరిగింది. ఆ దీవులు ఇప్పటి స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ తీరాన ఉన్నాయి. అక్కడ గిల్లీ అనే వర్తకుడి డేరాలోకి వెళ్ళి, బానిసపిల్ల ఎవరైనా ఉందా అని అడిగాడు. గిల్లీ ఒక తెర పక్కకి లాగాడు. వెనక పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా కూచుని ఉన్నారు. డేరా అంచున, మాసిన బట్టల్లో కూచున్న పిల్ల దగ్గర హోస్కుల్దుర్ చూపు ఆగింది. మిగతావాళ్ళ ధర తలా ఒక మార్కు వెండి, ఆ పిల్లది మూడు. ఎందుకంత అంటే, అంతే అన్నాడు గిల్లీ. పైగా లోపం దాచకుండా చెప్పాడు: మూగది, ఎంత ప్రయత్నించినా మాట రాలేదని. హోస్కుల్దుర్ సంచిలో వెండి తూస్తే సరిగ్గా మూడు మార్కులు తూగింది.

మార్కు అంటే దాదాపు 215 గ్రాములు. మూడు మార్కులు 640 గ్రాముల పైన, ఇప్పటి పది గ్రాముల తులం లెక్కలో అరవై నాలుగు తులాలు. ఆ రాత్రే ఆమెని తన పక్కకి తీసుకున్నాడని సాగా ఒక్క ముక్కలో చెప్పి ముందుకి పోతుంది. ఇంటావిడ కూడా అక్కడ ఆగలేదు. మర్నాడు మంచి బట్టలిచ్చాడట, అవి ఆమెకి ఎంతో నప్పాయట. బట్టల గురించి మాత్రం కాసేపు చెప్పింది.

ఇంటికి తెచ్చాక భార్య యోరున్ ఎవరని అడిగింది. హోస్కుల్దుర్ దాచలేదు. పిల్ల పనిమనిషిగా ఉండిపోయింది. ఆ చలికాలం కొడుకు పుట్టాడు, ఓలాఫ్. అప్పటికీ ఆమె నోరు విప్పలేదు. పిల్లాడికి రెండేళ్ళు వచ్చాక ఒక పొద్దున హోస్కుల్దుర్ పనులు చూసుకుంటూ బయట తిరుగుతుంటే, వాలు కింద వాగు పక్కన మాటలు వినిపించాయి. తల్లీ కొడుకూ కబుర్లాడుకుంటున్నారు. అప్పుడడిగితే చెప్పింది: పేరు మెల్కోర్కా, తండ్రి ఐర్లండ్‌లో రాజు, పేరు మిర్‌క్యార్తాన్.

"ఇన్నాళ్ళు ఎందుకు మాట్లాడలేదంటారు?" అని ఇంటావిడని అడిగాను.

"రాకుమారి కదా. ఆత్మగౌరవం," అంది వెంటనే.

మాకు సైరంధ్రి కథ తెలుసు. విరాటుడి కొలువులో పేరు మార్చుకుని పూలదండలు కట్టిన ద్రౌపదికి ఏడాది గడువు ఉంది, అయిదుగురు భర్తలూ గోడ అవతలే ఉన్నారు. ఈ పిల్లకి ఏ గడువూ లేదు, ఎవరూ లేరు. ఒంటి మీద బట్టతో సహా అన్నీ ఇంకొకళ్ళవైనచోట మాట ఒక్కటే ఇవ్వకుండా దాచుకుంది. ఇదంతా ఇంటావిడకి చెబుదామనుకున్నాను గానీ నా ఇంగ్లీషు, నా అలసట రెండూ సహకరించలేదు.

సంగతి విన్న యోరున్ నమ్మిందా? సాగా ప్రకారం, అందులో నిజమెంతో తనకి తెలియదంది, వింత మనుషులంటే తనకి గిట్టదంది. ఆ తర్వాత ఒక రాత్రి మెల్కోర్కా యోరున్ మేజోళ్ళు విప్పుతుంటే, యోరున్ వాటితోనే ఆమె తల మీద కొట్టింది. మెల్కోర్కా పిడికిలి బిగించి ముక్కు మీద ఒక్కటిచ్చింది. నెత్తురొచ్చింది. ఇక ఇద్దరూ ఒక ఇంట్లో ఉండలేరని హోస్కుల్దుర్ ఆమెకి లోయలో పైన ఒక చోట ఇల్లు ఇచ్చాడు. ఆ చోటికి మెల్కోర్కుస్తాదిర్ అని పేరు.

"అదే మేం చూడాలనుకుంటున్నది," అన్నాను.

"చూడండి," అంది ఆవిడ. "చాలా అందమైన చోటు. గోడలు ఇంకా కనిపిస్తాయి."

మర్నాడు పొద్దున హోస్కుల్స్‌స్తాదిర్ ముందు నుంచి వెళ్ళాం. ఇప్పటికీ అదే పేరుతో ఉన్న పొలం. రేకు కప్పులు, తెల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డి మోపులు, ఒక ట్రాక్టరు. వాలు కింద వాగు కోసం చూశాను. ఒకటి కాదు, చూపు ఆనినంత మేర కొండ మీంచి నాలుగయిదు వాగులు దిగుతున్నాయి. కంచె దగ్గర కనిపించిన కుర్రాణ్ణి ఇందులో ఏ వాగని అడిగితే భుజాలు ఎగరేశాడు. అమ్మాయి వాటిల్లో అన్నిటికన్నా చప్పుడెక్కువ చేసేదాన్ని ఫొటో తీసింది. ఇంత హోరులో మాటలు ఎలా వినపడ్డాయో నాకు అర్థం కాలేదు.

అక్కణ్ణుంచి హ్యార్దర్‌హోల్ట్. ఓలాఫ్ పెద్దవాడయ్యాక కట్టుకున్న ఇల్లు ఇక్కడే ఉండేది. ఇప్పుడు 1904లో కట్టిన చిన్న చర్చి ఉంది. తాళం వేసి ఉంది. కిటికీ అద్దానికి చేతులడ్డం పెట్టుకుని చూస్తే బల్లలు, ఒక తివాచీ కనిపించాయి. చర్చి గుట్ట మీంచి లోయంతా కనిపిస్తుంది, ఫ్యోర్డ్ దాకా. ఓలాఫ్‌ని నెమలి ఓలాఫ్ అనేవాళ్ళు, అంత దర్జాగా ఉండేవాడని. బానిస కడుపున పుట్టినవాడికి అంత దర్జా ఊరికే రాలేదు. తల్లి వెనక ఉండి నడిపించింది. చిన్నప్పుడే వాడికి ఐరిష్ నేర్పింది. పద్దెనిమిదేళ్ళు వచ్చాక ఐర్లండ్ వెళ్ళమంది. ప్రయాణం ఖర్చుకి హోస్కుల్దుర్ ముందుకు రాకపోతే, తన మీద ఎప్పట్నుంచో మనసున్న తోర్‌బ్యోర్న్ అనే రైతుని పెళ్ళాడి, ఆ సొమ్ముతో కొడుకుని ఓడెక్కించింది. ఇంటావిడ ఈ సంగతి చెప్పలేదు. పుస్తకంలోనే చదివాం.

వెళ్ళేటప్పుడు ఆనవాళ్ళిచ్చింది. తన తొలిపన్ను వచ్చినప్పుడు తండ్రి పెట్టిన బంగారు ఉంగరం, మనం అన్నప్రాశనకి పెట్టినట్టు. దాంతోపాటు ఒక కత్తి, ఒక నడికట్టు. ఆ రెండూ తనని పెంచిన దాదికి. ఉంగరం అనగానే మనకి శకుంతల గుర్తుకొస్తుంది. ఇక్కడా పక్కన పారేది చేపల ఏరే గానీ, ఈ ఉంగరం ఏ చేప నోటా పడలేదు. ఓలాఫ్ ఓడ ఐర్లండ్‌లో రేవు కాని చోట ఆగితే, తీరం మనుషులు దోచుకోబోయారు. ఐరిష్‌లో మాట్లాడి ఆపాడు. రాజు ఉంగరం చూసి మనవణ్ణి గుర్తుపట్టాడు. మంచాన పడి ఉన్న దాది కత్తి, నడికట్టు చూసి ఆ రోజు చేతికర్ర లేకుండా లేచి నడిచిందట. ఆమెని తల్లి దగ్గరికి తీసుకెళ్తానని ఓలాఫ్ అడిగితే రాజు ఒప్పుకోలేదు.

"పట్టుకున్నవాళ్ళు ఒళ్ళంతా వెతకరా నాన్నా?" అంది అమ్మాయి చర్చి గోడకి ఆనుకుని. "బంగారం ఎలా దాచింది? అన్నేళ్ళు?"

ఆ రాత్రి ఇంటావిడని అదే అడిగాను. కొంచెం సేపు కాఫీ కప్పు తిప్పుతూ కూచుంది. "అది సాగా," అంది చివరికి.

మెల్కోర్కుస్తాదిర్ ఏటికి దక్షిణాన ఉందని సాగాలో ఉంది. చర్చి దగ్గర మేం ఉత్తరపు ఒడ్డున ఉన్నాం. ఏట్లో తొడల దాకా రబ్బరు దుస్తులు వేసుకుని ఇద్దరు గాలాలు విసురుతున్నారు. వంతెన దాకా వెనక్కి వెళ్ళి, అవతలి పక్క మట్టి రోడ్డు పట్టుకుని, ఒక గేటు దగ్గర కారు ఆపి నడిచాం. కాళ్ళ కింద నేలంతా మెత్తటి గడ్డి బుడిపెలు, ఒక్కోటీ తిరగేసిన గంపంత. నీరు గడ్డకట్టి కరుగుతూ మట్టిని పైకి తోసి చేసే బుడిపెలట, ఈ దేశమంతా ఉంటాయి. ఇంటావిడ చెప్పిన గుర్తుల ప్రకారం ఒక మెరక దగ్గర ఆగాం. అక్కడ పొడుగ్గా ఒక గట్టులాంటిది ఉంది. గోడ అనుకుంటే గోడ. పదడుగులు పక్కకి జరిగి చూస్తే అలాంటి గట్లు ఇంకో మూడు కనిపించాయి. ఏది మనిషి కట్టిందో, ఏది మంచు కట్టిందో నాకు తేలలేదు. బోర్డు లేదు. గొర్రెలు రెండు పిల్లలతో సహా లేచి వెళ్ళిపోయాయి. స్నైప్ పిట్ట ఒకటి ఆకాశంలోంచి కిందికి దూకుతూ తోకతో చేసే దడదడ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

సాగా రాసింది 13వ శతాబ్దం మధ్యలో, ఆమె కాలానికి దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత. రాసినవాడెవరో పేరు లేదు. ఆ చోటు అప్పటికే పాడుపడి ఉందని అతను రాశాడు. అంటే గోడలు చూడ్డానికి అతనే ఆలస్యంగా వచ్చాడు.

గాలి పెరిగింది. కారు దాకా వచ్చి తలుపు రెండు చేతులతో తీశాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంటావిడ కొడుకు కూడా ఉన్నాడు, నలభై ఏళ్ళవాడు. ఓలాఫ్ తన కొడుక్కి తాత పేరే పెట్టాడని, మిర్‌క్యార్తాన్‌లో ముందుభాగం పోయి క్యార్తాన్ అయిందని, ఆ పేరు ఇప్పటికీ ప్రతి బళ్ళో వినిపిస్తుందని చెప్పాడు. తర్వాత జన్యు పరీక్షల సంగతి అతనే ఎత్తాడు. ఐస్‌లాండ్ తొలి తరాల మగవాళ్ళలో ఎక్కువమంది మూలం నార్వే వైపుది. తల్లుల వైపు లెక్క చూస్తే సగానికి పైగా, దాదాపు 60 శాతం, ఐర్లండ్, స్కాట్లాండ్ వైపుది.

"అంతమంది ఆడవాళ్ళు ఎలా వచ్చారు?" అని అడిగింది అమ్మాయి.

"పెళ్ళిళ్ళు చేసుకుని వచ్చారు, కొందరు," అన్నాడు అతను. "కొందరు, మీకు తెలుసు కదా."

"బానిసలుగా," అన్నాను.

"అవును," అంది ఇంటావిడ. మేం వచ్చిన దగ్గర్నుంచి ఆ మాటకి ఆవిడ ఊ కొట్టడం అదొక్కసారే. "కానీ మా లోయకి వచ్చింది రాకుమారి."

డేరాలో మిగిలిన పదకొండు మంది ఎటు వెళ్ళారని అడుగుదామనుకున్నాను. ఎండు చేప ఇంకొంచెం వేసుకోమని పళ్ళెం నా వైపు జరిపింది. వేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఎర్ప్‌స్తాదిర్ దగ్గర ఆగాం. అక్కడి డెయిరీలో ఐస్‌క్రీం బాగుంటుందని ఇంటావిడ చెప్పి పంపింది. కౌంటర్ దగ్గర పదహారు, పదిహేడేళ్ళ పిల్ల ఉంది, వేసవి సెలవుల్లో పని చేస్తోంది. రెండు కప్పులు తీసుకుని, ఈ ఎర్ప్ ఎవరని అడిగాను.

"ఔద్ వెంట వచ్చినతను," అంది ఆ పిల్ల. "వాళ్ళ నాన్న స్కాట్లాండ్‌లో జార్ల్, అంటే ప్రభువు. అమ్మ ఐర్లండ్ రాజు కూతురు."

కార్లో అమ్మాయి పుస్తకం, ఫోను వెతికి సరిచూసింది. ఔద్ కాలపు వలస వృత్తాంతాల్లో అలాగే ఉంది. వీఫిల్ గురించి కూడా చూసింది. అతనూ మంచి వంశంవాడేనట. హుంది తల్లిదండ్రుల సంగతి మాత్రం ఏమీ దొరకలేదు. ఐస్‌క్రీం చాలా చల్లగా ఉంది, పళ్ళు జివ్వుమన్నాయి. బోర్డు దాటుతుంటే అమ్మాయి బండి నెమ్మది చేసి, హుందాదాలుర్ వైపు ఒకసారి చూసి, కనుమ రోడ్డు ఎక్కించింది.